ఎవరు భాగించినా శేషం ఒకటే

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగినప్పుడు, ఏం రాయాలా అని మేము రెండు రోజులు ఆలోచించాం. ఆదివారం కోడికూర గురించి రాయవచ్చు. పలమనేరు చలిలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానాల గురించి రాయవచ్చు. అవి అందరికీ ఉన్న జ్ఞాపకాలే. మాకు మాత్రం మన హాస్టల్ అనగానే ముందుగా గుర్తొచ్చేది ఒక సంఖ్య. అది 2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరువందల నలభై ఏడు.

లెక్కల గురించి రాస్తే ఎవరు చదువుతారని అనుకోకండి. ఇది లెక్క గురించి ఎంతో, మా స్నేహితుడి గురించి కూడా అంతే.

2017లో మేము పదో తరగతి. ఆ ఏడు హాస్టల్లో 53 మందిమి ఉండేవాళ్ళం. సాయంత్రం హాజరు తీసుకునేటప్పుడు వార్డెన్ సారు సమాన వరుసల్లో నిలబడమనేవారు. నాలుగు వరుసలు చేస్తే ఒకడు మిగిలేవాడు. ఐదు చేస్తే ముగ్గురు. ఆరు చేస్తే ఐదుగురు. ఏడు చేస్తే నలుగురు. సారు నవ్వి "ఏందప్పా, మీరు ఏ లెక్కకూ లొంగరా?" అనేవారు. ఎలా లొంగుతాం? 53 ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగించబడదు. ఆరో తరగతిలో ఎరటోస్తనీస్ జల్లెడ వేసి వందలోపు ప్రధాన సంఖ్యలన్నీ సున్నా చుట్టినవాళ్ళమే. కానీ ఆ జల్లెడలో ఉన్నది మన వరుసేనని మాకు ముందుగా చెప్పింది లెక్కలోడు.

లెక్కలోడంటే మా గదిలో ఐదోవాడు. అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. వి.కోట దారిలో ఒక పల్లె. వాళ్ళ నాయన కౌలుకు మడి పట్టి టమాటా పెట్టేవాడు. సెలవుల్లో మదనపల్లె మార్కెట్టుకు నాయన వెంట పోయి, బాక్సుల లెక్క, కమీషను లెక్క, బాడుగ లెక్క నోటితోనే చెప్పేవాడు. అందుకే ఆ పేరు.

స్టడీ అవర్‌కు వచ్చే ట్యూటర్ సారు అప్పట్లో డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్నారు. ఒకరోజు బోర్డు మీద ఆ పెద్ద సంఖ్య రాశారు. కంప్యూటర్లో ఒక అంకెను దాచడానికి 32 గళ్ళు ఉంటాయనుకోండి, ఒక గడి కూడికా తీసివేతా అని చెప్పడానికి పోతే మిగిలిన 31 గళ్ళలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే అన్నారు. ముప్ఫై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. ‘గంగ్నం స్టైల్’ పాట చూసినవాళ్ళ లెక్క ఈ సంఖ్యను దాటిపోతోందని 2014లో యూట్యూబ్ వాళ్ళు తమ లెక్కపెట్టే పద్ధతినే పెంచాల్సి వచ్చిందని చెప్పారు. మేము ఆ పాట గురించి మాట్లాడుకుంటుంటే సారు ఇంకో మాట అన్నారు. "ఇది కూడా మీలాగే. ప్రధాన సంఖ్య. నా మాట నమ్మవద్దు. చేసి చూసుకోండి."

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది.

ఇంత పెద్ద సంఖ్యను ఎన్నింటితో భాగించి చూడాలి? లెక్కలోడే దారి చెప్పాడు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే ఆ రెండూ దాని వర్గమూలాన్ని మించలేవు. ఏదో ఒకటి వర్గమూలం లోపలే ఉండాలి. మన సంఖ్య వర్గమూలం 46,340 దాటి కొద్దిగా. కాబట్టి అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అంతవరకూ అంటే 4,700కు పైగా ఉంటాయని అప్పుడు మాకు తెలియదు. ముందు వెయ్యి దాకా చేద్దామనుకున్నాం. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు 168. ఐదుగురం తలా 33, 34 పంచుకున్నాం. పాత ప్రశ్నపత్రాల వెనకవైపు తెల్లగా ఉన్నచోట భాగహారాలు మొదలుపెట్టాం. పది అంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో చేత్తో భాగించడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు.

మూడో వారంలో మాలో ఒకడు ఎగిరి గంతేశాడు. 311తో భాగిస్తే శేషం సున్నా! సారు చెప్పింది తప్పు, మేము కనిపెట్టేశామని గదంతా కేకలు. లెక్కలోడు మాత్రం కేక వేయలేదు. ఆ కాగితం తీసుకోకుండా వేరే కాగితం మీద మొదటినుంచీ చేశాడు. భాగఫలం 69,05,092. శేషం 35. మాకు కోపం వచ్చింది. మళ్ళీ చేశాం. 35. ఇంకొకడు చేశాడు. 35. మొదటి కాగితంలో ఒకచోట అంకె దించుకోవడంలో తప్పు పడింది.

అప్పుడు లెక్కలోడు అన్న మాట ఇంకా మా చెవిలో ఉంది. "ఎవురు భాగిచ్చినా శేషం ఒగటే రావల్ల. రాలేదంటే మనలో ఎవురో తప్పు చేసినట్టు. అంతే."

చిన్న మాటే. కానీ మా ఊళ్ళలో మేము పేరు చెప్పేలోపే ఏ వాడ అని అడిగేవాళ్ళున్నారు. ఏ ఇంటి పిల్లలు ఏ పని చేయగలరో ముందే తీర్మానించి పెట్టుకున్నవాళ్ళున్నారు. 311 మమ్మల్ని ఏమీ అడగలేదు. కలెక్టరు భాగించినా 35, కూలివాడి కొడుకు భాగించినా 35. ఆ రాత్రి మేము ఎందుకో చాలాసేపు నిద్రపోలేదు.

168 భాగహారాలూ పూర్తయ్యాయి. ఎక్కడా సున్నా రాలేదు. వెయ్యి తర్వాత రెండో వెయ్యి మొదలుపెడదాం అనుకుంటుండగా అర్ధసంవత్సర పరీక్షలు వచ్చాయి. వాటికి ముందే లెక్కలోడి నాయన వచ్చాడు. బోరు ఎండిపోయింది. టమాటా ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని పంటను చెట్టు మీదే వదిలేశారట. బోరుకు తెచ్చిన అప్పు మాత్రం ఉంది. బెంగళూరులో కట్టడం పనికి ఇద్దరూ పోతామన్నారు. వార్డెన్ సారు ఆయన్ను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడారు. పరీక్షల దాకైనా ఉంచమన్నారు. ఆయన తల వంచుకుని వింటూనే ఉన్నాడు. సాయంత్రం ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇద్దరూ బస్టాండుకు నడిచిపోయారు.

ఆ మరుసటి రోజు హాజరులో మేము 52 మందిమి. నాలుగు వరుసల్లో నిలబడ్డాం. వరుసకు 13 మంది. ఎవరూ మిగల్లేదు. హాస్టల్లో మొదటిసారి వరుసలు సరిపోయాయి. సారు హాజరుపట్టీ మూసేసి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు.

మేము నలుగురం పది పాసయ్యాం. ఇంటరు, డిగ్రీ అయ్యాయి. మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. మాలో ఇద్దరం తిరుపతిలో గణితంలో ఎం.ఎస్సీ. చేశాం. ఇప్పుడు మాకు ఇరవై మూడేళ్ళు. అక్కడ సంఖ్యాశాస్త్రం క్లాసులో ఒకరోజు మా పాత సంఖ్య బోర్డు మీదికి వచ్చింది. మా ఇద్దరికీ ఒకేసారి గుండె ఝల్లుమంది.

ఆ సంఖ్య ప్రధాన సంఖ్య అని రుజువు చేసినవాడు లియొనార్డ్ ఆయిలర్. 1772 నాటికే చేశాడు, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య అదే. అప్పటికి ఆయనకు రెండు కళ్ళూ దాదాపు కనిపించవు. మనసులో లెక్క చేసి నోటితో చెబితే పక్కనున్నవాళ్ళు రాసేవారు. మరి 4,700 భాగహారాలు ఎలా చేశాడు? చేయలేదు. అక్కర్లేకుండా చేసుకున్నాడు.

ఎలాగో తమ్ముళ్ళకు చెబుతాం, కాగితం తీసుకోండి. పదకొండు రెండ్లను గుణించి ఒకటి తీస్తే 2047. అది 23 × 89. ఇప్పుడు 23లోంచి 1 తీయండి, 22. 89లోంచి 1 తీయండి, 88. రెండూ 11 ఎక్కంలోవే. ఇది యాదృచ్ఛికం కాదు. ఫెర్మా సిద్ధాంతం నుంచి వచ్చే నియమం. అలాగే ముప్ఫై ఒక్క రెండ్ల సంఖ్యను భాగించగలిగే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిలోంచి 1 తీస్తే 31 ఎక్కంలో ఉండి తీరాలి. ఇంకో నియమం, దాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే రావాలి. మిగతా సంఖ్యలన్నీ చూడకుండానే పక్కన పెట్టేయవచ్చు. అప్పుడు 46,340 లోపు చేయాల్సిన భాగహారాలు ఎక్కువలో ఎక్కువ 372.

హాస్టల్ గదికి వచ్చి మా పాత 168 ప్రధాన సంఖ్యల జాబితా మళ్ళీ రాసుకున్నాం. ఆయిలర్ నియమానికి నిలిచేవి ఎన్నో చూద్దామని. 63 ప్రధాన సంఖ్య కాదు. 249 అంటే 3 × 83. 497 అంటే 7 × 71. 559 అంటే 13 × 43. 745 ఐదుతో పోతుంది. 807, 993 రెండూ మూడుతో పోతాయి. వెయ్యిలోపు మిగిలింది ఒకే ఒక్కటి. 311.

మూడు వారాలు మేము చేసిన 168 భాగహారాల్లో నిజంగా అవసరమైనది ఆ ఒక్కటే. మేము తప్పు చేసిందీ దాంట్లోనే. లెక్కలోడు సరిదిద్దిందీ దాన్నే.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ళు కూడా తప్పులు చేశారు. ఫ్రాన్సులో మెర్సెన్ అనే పాదిరి 1644లో ఇలాంటి ప్రధాన సంఖ్యల జాబితా ప్రకటించాడు. అందులో 31 సరిగ్గానే ఉంది. 67 కూడా ఉంది, అది తప్పు. 67 రెండ్లను గుణించి ఒకటి తీస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1876లో లూకా చూపించాడు గానీ, కారణాంకాలు ఏవో తెలియలేదు. 1903లో న్యూయార్కు సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ బోర్డు మీద 19,37,07,721ని 76,183 కోట్ల 82 లక్షల 57 వేల 287తో గుణించి చూపించాడు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడని చెబుతారు. ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలు అన్నాడట. మన ఆదివారాలు గుర్తొచ్చి మేము నవ్వుకున్నాం.

ఇదంతా రష్యా, ఫ్రాన్సు, అమెరికా అనుకుంటే పొరపాటు. మత్తుకుమల్లి వెంకట సుబ్బారావు గారు 1921లో గుంటూరు జిల్లా యాజలి గ్రామంలో పుట్టారు. మేము చదివిన తిరుపతిలోనే, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్ళి, 1963 నుంచి కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2006లో కన్నుమూశారు. ప్రపంచమంతా తిరిగి లెక్కలు చేసిన పాల్ ఎర్డోష్‌తో కలిసి పరిశోధన పత్రం రాసినవారు. సుబ్బారావు గారు 1974లో ప్రధాన సంఖ్యలకు ఒక గుర్తు చెప్పారు. అది మన హాస్టల్ లెక్కతోనే చూడవచ్చు.

ఒక సంఖ్య తీసుకోండి. దాని భాజకాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని ఆ సంఖ్యతో గుణించి, 2 తీసేయండి. తర్వాత ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా, దానితో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కతో భాగించండి. 53 తీసుకుందాం. భాజకాలు 1, 53. మొత్తం 54. 53 × 54 = 2862. రెండు తీస్తే 2860. 53తో ఉమ్మడి భాజకం లేనివి 52. 2860ని 52తో భాగిస్తే సరిగ్గా 55, శేషం సున్నా. ఇప్పుడు 52. భాజకాలు 1, 2, 4, 13, 26, 52. మొత్తం 98. 52 × 98 = 5096. రెండు తీస్తే 5094. ఉమ్మడి భాజకం లేనివి 24. భాగిస్తే శేషం 6. తెగలేదు. ప్రతి ప్రధాన సంఖ్యా ఈ పరీక్షకు నిలుస్తుంది. సంయుక్త సంఖ్యల్లో 4, 6, 22 మాత్రమే నిలుస్తాయి, ఇంకేదీ నిలవదు. పెద్ద సంఖ్యలకు ఇది వాడుకలో పనికొచ్చే పరీక్ష కాదు, ఎందుకంటే భాజకాలు ముందే తెలిసి ఉండాలి. కానీ అనంతంగా ఉన్న సంఖ్యలన్నింటి గురించి ఒక తెలుగు పల్లెలో పుట్టిన మనిషి అంత ధైర్యంగా ఒక మాట చెప్పి రుజువు చేశాడు. మాకు అది చాలు.

తర్వాత 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్ గారు, అప్పుడే బి.టెక్. ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఎంత పెద్ద సంఖ్యనైనా అది ప్రధాన సంఖ్యా కాదా అని అంచనాలకు తావులేకుండా, మితమైన సమయంలో తేల్చే పద్ధతి కనిపెట్టారు. ఆ ఇద్దరు విద్యార్థులకూ అప్పుడు దాదాపు మా వయసే. 2024 అక్టోబరులో 13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య అని తేలింది. దాంట్లో 4,10,24,320 అంకెలు. పేజీకి మూడు వేల అంకెలు అచ్చు వేస్తే పదమూడు వేల పేజీలు దాటుతుంది. మన సంచిక చాలదు.

ఇవన్నీ ఎందుకు అనే తమ్ముళ్ళుంటారు. మీరు స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు పేజీ పైన చిన్న తాళం గుర్తు చూసి ఉంటారు. అలాంటి తాళాల్లో పేరున్నది 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ తయారుచేసినది. మూడు వందల పైచిలుకు అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటరుకు క్షణం పని. ఆ లబ్ధం మాత్రమే ఇచ్చి, ఆ రెండూ ఏవో చెప్పమంటే ఏళ్ళు గడిచినా తేలదు. తాళం గట్టితనమంతా అక్కడే ఉంది.

పోయిన జాతరకు లెక్కలోడు పలమనేరు వచ్చాడు. బస్టాండు దగ్గర టీ తాగుతూ 311 సంగతి చెప్పాం. వాడు చాలాసేపు నమ్మలేదు. చేతులు చూశాం. కడ్డీలు కట్టి కట్టి వేళ్ళు కాయలు కాచాయి. సిగరెట్టు అట్ట అడిగి తీసుకుని, దాని వెనక 248 ఎక్కం వేసుకుని, 63 కలుపుకుంటూ పోయాడు. తప్పు పోలేదు. చివరికి నవ్వి, "అంటే తక్కిన నూటా అరవై ఏడూ ఉత్తవేనా?" అన్నాడు. కాసేపాగి, "ఆ ఒగటి నేను చేసిందే కదప్పా" అన్నాడు.

మా దగ్గర ఇంకా ఆ పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాం. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయవచ్చని మేము చెబితే అప్పటికే కనుక్కున్నానన్నాడు. ఫీజు కట్టే తేదీలు కూడా వాడికే తెలుసు. "పని యాడ దొరికితే ఆడికి పోవల్ల. పరీక్ష నాటికి యాడుంటానో" అన్నాడు. లెక్కల పుస్తకం పంపించాం. అందిందని ఫోన్ చేశాడు. పరీక్ష రాస్తాడో లేదో మాకు ఇంకా తెలియదు. రాస్తే లెక్కల్లో ఎన్ని వస్తాయో మాత్రం తెలుసు.

తమ్ముళ్ళూ, మాకు లెక్కలు రావు, అవి మనవి కావు అని ఎవరైనా అంటే ఒక కాగితం తీసుకుని 311తో భాగించి చూపించండి. 35 వస్తుంది. రాకపోతే మళ్ళీ చేయండి. అన్నలూ, మీ బ్యాచ్‌లో కూడా మధ్యలో పెట్టె నెత్తిన పెట్టుకుని పోయినవాడు ఒకడు ఉంటాడు. ఈ వార్షికోత్సవం నాడు వాడికి ఒక ఫోన్ చేయండి. మన వరుసలు సరిపోకపోయినా ఫర్వాలేదు. మనం మళ్ళీ 53 మందిమి కావాలి.



పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (గణితం)